‘అన్నా, ఈ పడవ డిజైనే ఇంతా?’ ఒక పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ సర్వే కేసు

అమెరికా తూర్పు తీరంలో, చెసాపీక్ బే అనే అఖాతం చుట్టుపక్కల, పడవలు సర్వే చేయడం, అంటే వాటి స్థితి పరీక్షించి చెప్పడం నా పని. కొనేవాళ్ళకోసం, ఇన్సూరెన్స్ కోసం, అప్పుడప్పుడు ఇలాంటి ‘ఏదో తేడాగా ఉంది, ఒకసారి చూడండి’ కేసులు. ఈ కేసు రాయడానికి కారణం ఒక్కటే. జవాబు మొదటిరోజే నా కళ్ళెదుట ఉంది, దాని పక్కనుంచే రెండుసార్లు నడిచి వెళ్ళాను. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. పడవ పేరు, తయారీదారు, మెరీనా వివరాలు తీసేశాను.

నేపథ్యం

యజమాని మనవాడే, గోదావరి జిల్లాల వాడు. చిన్నప్పుడు పంటు మీద రేవు దాటిన అలవాటు తప్పితే తెరచాపతో పరిచయం లేదు. ఇక్కడ ఉద్యోగంలో కుదురుకున్నాక నలభై దాటిన వయసులో సెయిలింగ్ నేర్చుకుని, భార్యతో కలిసి ఒక 30 అడుగుల పాత క్రూజింగ్ పడవ కొన్నాడు. సెకండ్ హ్యాండ్ కారు కన్నా తక్కువకే వచ్చింది. అంత చవగ్గా వచ్చిందని కొనేముందు సర్వే చేయించలేదు. నేను చూసేనాటికి రెండు సీజన్లు తిప్పారు.

పడవ 1960ల నాటి గీతల మీద తయారైంది. ఆ కాలం గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే మిగతాది అర్థం కాదు. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన కార్ల్ ఆల్బర్గ్ గీసిన 28 అడుగుల ట్రైటన్ 1959 న్యూయార్క్ బోట్ షోలో జనాన్ని ఆకట్టుకుంది. మధ్యతరగతి వాడు కొనుక్కోగలిగే ఫైబర్‌గ్లాస్ క్రూజర్ల కాలం అలా ఊపందుకుంది. ఆయనదే ఆల్బర్గ్ 30 అనే డిజైన్ 1962 నుంచి 700కి పైగా నీళ్ళలోకి దిగింది. వాటిలో చాలానే ఈ బేలో తిరిగాయి. మన కేసులోని పడవ అదే తరానికి చెందిన దగ్గరి చుట్టం. గుర్తుపట్టే వీలు లేకుండా, లెక్కలకి ఆల్బర్గ్ 30 ప్రచురిత కొలతలే వాడుతున్నాను. తేడా పెద్దగా ఉండదు.

మొత్తం పొడవు 30 అడుగుల 3 అంగుళాలు. నీటిగీత దగ్గర మాత్రం 21 అడుగుల 8 అంగుళాలే. వెడల్పు 8 అడుగుల 9 అంగుళాలు, నీటిలో లోతు 4 అడుగుల 3 అంగుళాలు, బరువు 9,000 పౌండ్లు అంటే సుమారు 4,080 కిలోలు, అందులో అడుగున పెట్టిన బరువు 3,300 పౌండ్లు, తెరచాప 410 చదరపు అడుగులు. ముందూ వెనకా నీటిపైకి సాగిన ఆ ఎనిమిదిన్నర అడుగులు అందానికి మాత్రమే కాదు. అప్పటి రేసు నియమాలు నీటిగీత పొడవుని బట్టి పడవ వేగాన్ని అంచనా కట్టేవి. నిలబడి ఉన్నప్పుడు గీత పొట్టిగా ఉండి, ఒరిగినప్పుడు పొడుగయ్యేలా గీస్తే లాభం. ఆ నియమాలు పోయాయి, పడవలు మిగిలాయి.

సమస్య

ఫోన్‌లో ఆయన మొదటి మాట: ‘అన్నా, ఈ పడవ డిజైనే ఇంతా? రేవులో అందరూ ఇది పాత టబ్బు, ఇంతే పోతుంది అంటున్నారు. అమ్మేయాలా, మార్పులు చేయించాలా చెప్పండి.’

ఫిర్యాదులు మూడు. ఒకటి, 12 నాట్ల గాలి (నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు) దాటితే పడవ మొండిగా గాలివైపుకి ముక్కు తిప్పేస్తుంది, చుక్కాని కర్ర రెండు చేతులా లాగి పట్టాలి. రెండు, ఎదురుగాలికి ఎక్కదు, పక్కకి జారిపోతుంది. మూడు, ఇంజిన్ ఆపితే నాలుగున్నర నాట్లు దాటడం గగనం. ఆయన భార్య ఇంకోటి కలిపింది: ‘అన్నయ్యా, పోయిన వేసవంతా నాకు కుడి భుజం నొప్పి. నాకు తెలిసిన డిజైన్ అదే.’

గాలివైపు కొద్దిగా తిరిగే గుణాన్ని వెదర్ హెల్మ్ అంటాం. కొంచెం ఉండాలి. చెయ్యి జారితే పడవ తనంతట తానే గాలికి ఎదురు తిరిగి ఆగుతుంది. చుక్కాని మూడు నుంచి ఐదు డిగ్రీలు తిప్పి ఉంచితే చాలినంత ఉంటే మంచిది. అంతకు మించితే చుక్కాని దారి చూపడం మానేసి బ్రేకులా పనిచేస్తుంది. ఆల్బర్గ్ తరం పడవలకి ఈ గుణం ఎక్కువనే పేరుంది. రేవులోవాళ్ళు అన్నది అబద్ధం కాదు. కానీ ఎంత ఎక్కువైతే అది డిజైన్ గుణం, ఎక్కడినుంచి రోగం? అది ఎవరూ కొలవలేదు.

మొదట లెక్కలు

కాగితం మీద ఈ పడవ చెడ్డదేమీ కాదు. నీటిగీతని బట్టి వేగ పరిమితి సుమారు 6.2 నాట్లు, ఒరిగి గీత పొడుగైతే కాస్త పైకి. ఈ కాలపు 30 అడుగుల పడవకి నీటిగీత 27 అడుగులుంటే అది 7 దగ్గరికి వస్తుంది. పొడవుకి బరువు నిష్పత్తి 395, అంటే బాగా బరువైన పడవ. బరువుకి తెరచాప నిష్పత్తి 15.2. సముద్రంలో చాలు, చెసాపీక్ వేసవి మధ్యాహ్నాల పల్చటి గాలిలో నీరసం. బోల్తా సూచిక 1.68. 1979 ఫాస్ట్‌నెట్ రేసులో 303 పడవలు బయల్దేరి తుపానులో 15 మంది నావికులు చనిపోయాక జరిగిన పరిశోధనల్లోంచి పుట్టిన అంకె ఇది, 2 కన్నా తక్కువ ఉంటే మేలు. టెడ్ బ్రూవర్ అనే డిజైనర్ ఇచ్చిన కుదుపు సూచిక 31.7, ఈ పొడవుకి చాలా ఎక్కువ. ఎక్కువ అంటే ఇక్కడ హాయి అని.

యజమాని ఈ అంకెలన్నీ ముందే చూసి ఉన్నాడు. ‘అంకెల్లో ఇంత బాగుంటే నీళ్ళలో ఇలా ఎందుకుంది?’ అన్నాడు. ఆ ప్రశ్నే పట్టుకున్నాను. ఆ అంకెలు గీసిన పడవవి. రేవులో కట్టి ఉన్నది అరవై ఏళ్ళలో నలుగురైదుగురు యజమానులు బరువులు కలిపి, తీగలు మార్చి, రంధ్రాలు వేసి, మరమ్మతులు చేసిన పడవ. రెండూ ఒకటేనా కాదా అనేది ముందు తేలాలి.

మొదటి రోజు: కొలతలు

గాలి 13, 14 నాట్లు ఉన్న రోజు చూసుకుని బయల్దేరాం. పోటుపాట్ల ప్రవాహం వేగాన్ని తప్పుగా చూపకుండా ఒకే గీత మీద అటూ ఇటూ జీపీఎస్‌తో పరుగులు తీసి సగటు వేశాం. చుక్కాని కర్ర కింద కార్డుబోర్డు కోణమాని అతికించాం. లాగే బలం కొలవడానికి నా దగ్గర ప్రత్యేక పరికరం లేదు. ఇండియా ప్రయాణాల్లో 23 కిలోలు దాటకుండా సూట్‌కేసులు తూచే స్ప్రింగు త్రాసు ఉంది. దాని కొక్కెం కర్ర చివర తగిలించాం. అప్పట్నుంచీ అది నా సర్వే సంచిలోనే ఉంటోంది.

పూర్తి తెరచాపలతో ఎదురుగాలికి: వేగం 4.6 నాట్లు, ఒరుగు 28 డిగ్రీలు, చుక్కాని 13 డిగ్రీలు, త్రాసు మీద తొమ్మిదిన్నర కిలోలు. ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తిరిగితే మధ్య కోణం 105 డిగ్రీలు. భుజం నొప్పి రావడంలో వింత లేదు.

ఈ తరం పడవలు ఇరుకుగా, పొట్ట గుండ్రంగా ఉంటాయి. 15, 20 డిగ్రీల వరకు చప్పున ఒరిగి అక్కడ గట్టిపడి నిలబడతాయి. కొత్తవాళ్ళు భయపడేది ఆ మొదటి ఒరుగుకే. కానీ 14 నాట్లకి 28 డిగ్రీలు ఎక్కువ. ఎక్కువ ఒరిగితే తెరచాపల లాగుడు పడవకి బాగా పక్కకి జరిగి ముక్కుని గాలివైపు తిప్పుతుంది. అంటే ఒరుగు, చుక్కాని బరువు రెండూ ఒకే మూలం నుంచి వస్తూ ఉండొచ్చు.

తలెత్తి చూస్తే గాలి లేని వైపు ష్రౌడ్లు, అంటే మాస్టుని (తెరచాప ఎత్తే నిలువు గడని) పక్కలకి పట్టి ఉంచే తీగలు, పెళ్ళిపందిరి తాళ్ళలా ఊగుతున్నాయి. ముందు తీగ విల్లులా వంగింది. ఆ తీగ వంగితే దానికి కట్టిన జెనోవా, అంటే పెద్ద ముందు తెరచాప, బొజ్జ పెట్టుకుంటుంది. అలాంటి తెరచాప ముందుకి లాగే దానికన్నా పక్కకి తోసేదే ఎక్కువ. నా నిర్ణయం చకచకా వచ్చేసింది: తీగలు వదులు, బిగిస్తే సగం జబ్బు పోతుంది.

పనిచేయనివి

టెన్షన్ గేజ్ పెట్టి పై ష్రౌడ్లని తెగే బలంలో 15 శాతానికి తెచ్చాం, మిగతావి దానికి తగ్గట్టు. రెండు వారాలకి మళ్ళీ వదులు. కొత్త తీగలైతే కొంత సాగుతాయి. ఇవి పాతవి, సాగడం ఎప్పుడో అయిపోయి ఉండాలి. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. బదులుగా నట్లు తిరిగిపోయాయేమో అనుకుని పిన్నులు వేయించి ఇంకోసారి బిగించాను. మళ్ళీ అంతే.

ఈలోగా బరువు సంగతి పట్టుకున్నాను. వెనక భాగం కిందికి దిగి ఉందని అనిపించి, పడవ పక్క రంగుని చిన్న మేర గీకించాను. తయారైనప్పుడు అచ్చులో పడ్డ అసలు నీటిగీత రంగు కింద దొరికింది. ఇప్పటి పట్టీ దానికన్నా పైన ఉంది! పడవ మునిగినప్పుడల్లా ఏ యజమానో పట్టీని పైకి జరిపి రంగు వేసుకుంటూ వచ్చాడు. నడుం పెరిగినవాడు బెల్టుకి కొత్త రంధ్రం పొడుచుకున్నట్టు. వెనక రెండున్నర అంగుళాలు, ముందు అంగుళం లోతుకి దిగింది. ఈ ఆకారానికి అంగుళానికి సుమారు 270 కిలోలు. సగటున 470 కిలోల అదనపు బరువు. తర్వాత పడవని పైకెత్తినప్పుడు లిఫ్టు తూనిక కూడా 4,600 కిలోలకి అటూ ఇటూగా చూపించింది.

ఇక్కడ ఒక తమాషా. పెరిగిన బరువుతో లెక్కలు మళ్ళీ వేస్తే తెరచాప నిష్పత్తి 15.2 నుంచి 14కి పడిపోతుంది, అది న్యాయమే. కానీ బోల్తా సూచిక 1.68 నుంచి 1.62కి ‘మెరుగవుతుంది’. కుదుపు సూచిక 35 దాటుతుంది. పడవలో ఇటుకలు పేరిస్తే కాగితం మీద ఇంకా క్షేమంగా, ఇంకా హాయిగా కనిపిస్తుందన్నమాట. ఆ సూత్రాలకి బరువు ఎంతో తెలుసు, అది ఎక్కడుందో తెలియదు. కుదుపు సూచికని సగం సరదాకే పుట్టించానని బ్రూవర్ తానే చెప్పుకున్నాడు. కొనేవాళ్ళు దాన్ని జాతకంలా చదువుతారు.

బరువు దొరికిందని సంబరపడ్డాను గానీ కాసేపటికే లెక్క కుదరలేదు. వెనక భాగం దిగితే నీటి అడుగున పట్టు వెనక్కి జరుగుతుంది. దానివల్ల గాలివైపు తిరిగే గుణం తగ్గాలి, పెరగకూడదు. మందకొడితనానికి బరువు కారణం కావచ్చు, చుక్కాని బరువుకి కాదు. అదనపు బరువు ఉండి కూడా త్రాసు తొమ్మిదిన్నర చూపిస్తోందంటే అసలు కారణం నేను అనుకున్న దానికన్నా పెద్దది.

అప్పుడే రేవులో ఒక పెద్దమనిషి యజమానికి సలహా ఇచ్చాడు: ముక్కుకి ఒక దుంగ బిగించి ముందు తెరచాపని ఇంకా ముందుకి జరపమని. సిద్ధాంతం ప్రకారం తప్పు కాదు, కొందరు చేశారు కూడా. ఇంకొకరు కొత్త పెద్ద తెరచాప కొనమన్నారు. రెండూ వద్దన్నాను. గీసినట్టు లేని పడవకి గీతలు దిద్దడం జ్వరం చూడకుండా మందు మార్చడం లాంటిది. వద్దని చెప్పడం తేలికే, ‘మరేం చేయాలి’ అన్న దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

తలుపు

మూడోసారి వెళ్ళినప్పుడు వాన. లోపల కూర్చుని టీ తాగుతున్నాం. ముందు గదిలోకి వెళ్ళే టాయిలెట్ తలుపు ఆమె గట్టిగా భుజంతో తోస్తే గాని తెరుచుకోలేదు. ‘వానకి ఉబ్బిందా?’ అన్నాను మాటవరసకి. ‘వాన లేకపోయినా ఇంతే. రెండుసార్లు చిత్రిక పట్టించాను, మళ్ళీ పట్టేస్తుంది’ అన్నాడాయన.

టీ కప్పు కింద పెట్టేశాను. ఈ పడవలో మాస్టు కింద కీల్ (పడవ అడుగు వెన్నెముక) దాకా దిగదు, డెక్కు మీదే నిలబడుతుంది. దాని భారం డెక్కు కింద అడ్డంగా ఉన్న ఒక దూలం మీద, దూలం నుంచి తలుపుకి రెండు పక్కల ఉన్న స్తంభాల మీద పడుతుంది. మాస్టు బరువు వంద కిలోలు కూడా ఉండదు. కానీ తీగలు బిగించి గాలిలో ఒరిగినప్పుడు దాని పాదం తొక్కే ఒత్తిడి టన్నుల్లో ఉంటుంది. తలుపు ఉబ్బడం లేదు, గుమ్మం దిగుతోంది. మొదటిరోజు ఆ తలుపు బిగుసుకుని ఉండటం నా నోట్సులో కూడా ఉంది, ‘చిన్నవి’ అన్న శీర్షిక కింద.

దూలం అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి మధ్యలో కొలిచాం. రేవులోనే తీగలు బిగించి కొలిస్తే వంపు 16 మిల్లీమీటర్లు. రాత్రంతా అలాగే వదిలి పొద్దున్నే కొలిస్తే 24. పది మీటర్ల తీగని 15 శాతానికి బిగిస్తే అది మొత్తం సాగేదే 15 మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా ఒక్క రాత్రిలో దూలం మింగేసింది.

తర్వాత అంతా గొలుసు. మాస్టు దిగుతుంది, తీగలు వదులవుతాయి, ముందు తీగ వంగుతుంది. దాన్ని నిటారు చేయాలని పాత యజమానులు వెనక తీగ బిగించారు. దాంతో మాస్టు వెనక్కి వాలింది, పైగా దూలాన్ని ఇంకా కిందికి తొక్కింది. హాలియార్డుకి (తెరచాప పైకి లాగే తాడుకి) గుండు కట్టి వేలాడదీసి చూస్తే బూమ్ (మెయిన్ తెరచాప అడుగున ఉండే అడ్డ గడ) ఎత్తులో 14 అంగుళాలు వెనక్కి ఉంది వాలు. మాస్టు వెనక్కి వాలితే తెరచాపల లాగుడు కేంద్రం వెనక్కి జరుగుతుంది, ముక్కు గాలివైపు తిరుగుతుంది. బొజ్జ పెట్టిన తెరచాప పడవని ఒరగదోస్తుంది, ఒరుగు ఇంకా తిప్పుతుంది. తొమ్మిదిన్నర కిలోలు ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు అర్థమైంది. రెండుసార్లు తీగలు బిగించిన నేను కూడా ఆ గొలుసులో ఒక లింకునే.

ఆ రోజే తీగలు వదులు చేయించి, మరమ్మతు అయ్యేదాకా తెరచాప ఎత్తొద్దని రాసిచ్చాను.

పనిచేసినవి

క్రేనుతో మాస్టు దించి, పాదం చుట్టూ డెక్కు కోశారు. ఫైబర్‌గ్లాస్ రెండు పొరల మధ్య ఉన్న చెక్క గుజ్జు నల్లగా, నీళ్ళు కారుతూ, కాఫీ పిప్పిలా చేతికొచ్చింది. మాస్టు లైట్ల తీగ కోసం ఎవరో ఎప్పుడో వేసిన రంధ్రం, దాని చుట్టూ ఎండిపోయిన సీలెంటు, అంతే కారణం. మన తీరంలో చెక్క తెప్పల్ని ఒడ్డుకి లాగి ఆరబెడతారు, లేకపోతే నీళ్ళు తాగి బరువెక్కుతాయి. ఫైబర్ పడవకి ఆ బాధ లేదనుకుంటాం. ఉంది, కాకపోతే లోపల దాక్కుని ఉంటుంది. సుత్తితో తట్టినప్పుడు మిగతా డెక్కు చాలావరకు కంగున మోగింది, మాస్టు చుట్టూ మాత్రం బొదబొద. ఆ శబ్దం కూడా మొదటిరోజు విన్నాను. డెక్కు తడి అని రాశానే గాని, ఆ తడి సరిగ్గా ఎవరి నెత్తిన ఉందో చూడలేదు.

దూలం పైపొర బాగానే ఉంది, లోపలి పొరలు విడిపోయాయి. కుడి స్తంభం అడుగు కూడా మెత్తబడింది. అది చూడకుండా దూలం ఒక్కటే మారిస్తే ఇంకో మూడేళ్ళకి ఇదే కథ. మాస్టు పాదం కింద చెక్క లేకుండా గట్టి ఫైబర్‌గ్లాస్ పోసి, ఎపాక్సీతో అతికించిన కొత్త దూలానికి రెండు వైపులా స్టెయిన్‌లెస్ పట్టీలు బిగించి, స్తంభాల అడుగులు కోసి కొత్తవి అతికారు. తీగల వయసు ఎవరికీ తెలియదు కాబట్టి అన్నీ మార్పించాను. పొట్ట మాత్రం ఆనాటి పద్ధతిలో మందంగా, గుజ్జు లేకుండా పోసినది. చిన్న బొబ్బలు తప్ప ఏమీ లేవు, వదిలేశాం.

ఖర్చు పడవ కొన్న ధర దాటింది. ఆ మాట పని మొదలుపెట్టకముందే చెప్పాను, అమ్మినా తిరిగి రాదని కూడా చెప్పాను. భార్యాభర్తలు ఒక వారం ఆలోచించుకున్నారు. ‘ఇంకో పాత పడవ కొంటే దానికీ ఒక తలుపు ఉంటుంది కదా అన్నయ్యా’ అంది ఆమె. కాదనలేకపోయాను.

బరువు కూడా దించారు: వెనక వేలాడదీసిన చిన్న పడవ ఇనుప చేతులు, రెండు అదనపు బ్యాటరీలు, చెసాపీక్‌లో ఎన్నటికీ అక్కర్లేనంత లంగరు గొలుసు. ఈ బే సగటు లోతు 21 అడుగులే! తడిసిన గుజ్జుతో కలిపి 300 కిలోల పైమాట.

మళ్ళీ 14 నాట్ల గాలి, అవే పాత తెరచాపలు, అదే గీత, అదే త్రాసు. మాస్టు వాలు 6 అంగుళాలకి తెచ్చాం. వేగం 5.4, ఒరుగు 21 డిగ్రీలు, చుక్కాని 5 డిగ్రీలు, త్రాసు మీద 4 కిలోలు. తిరుగుడు కోణం 92. బరువు, తీగలు, వాలు ఒకేసారి మారాయి కాబట్టి ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేను. ముందు బరువు దించి ఒకసారి, తర్వాత మాస్టు సరిచేసి ఒకసారి కొలిచి ఉంటే తెలిసేది. యజమానికి సీజన్ అయిపోతోంది, ఆగమనే మనసు రాలేదు.

గాలి 17, 18కి పెరిగితే చుక్కాని మళ్ళీ బరువెక్కింది. అది డిజైన్. దానికి మందు రంపం, దుంగ కాదు. మొదట మెయిన్ తెరచాపని రీఫ్ చేసి కుదించడం. గాలి 15 నాట్లు దాటగానే అలవాటుగా మొదటి రీఫ్ వేయమన్నాను. వేస్తే వేగం పడిపోదు, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. పల్చటి గాలిలో ఈ పడవ ఎప్పటికీ నీరసమే, అది అంకెలు ముందే చెప్పాయి.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు డెక్కు మీద నిలిచే మాస్టు ఉన్న ఏ పడవకైనా ముందు దారం, తర్వాతే టెన్షన్ గేజ్. అంకెలు వేసేముందు రంగు గీకి అసలు నీటిగీత వెతుకుతున్నాను. తేమ మీటరు వెనకాల లోహం ఉన్నా, నీళ్ళ ట్యాంకు ఉన్నా తప్పు చెబుతుంది కాబట్టి సుత్తి శబ్దంతో కలిస్తేనే నమ్ముతున్నాను. బిగించిన తీగ రెండోసారి వదులైతే మూడోసారి బిగించను. నోట్సులో ‘చిన్నవి’ అనే శీర్షిక తీసేశాను. తలుపులు, సొరుగులు, లోపలి చెక్కలో కొత్త పగుళ్ళు ఇప్పుడు నిర్మాణం కింద రాస్తున్నాను. యజమాని ఏమేం చిత్రిక పట్టించాడో అడగడం కూడా అలవాటైంది.

ఆ తలుపుకి పైన ఇప్పుడు వేలు దూరేంత సందు ఉంది. పట్టించిన చిత్రిక తిరిగి రాదు కదా. దూలం మధ్యలో, స్తంభాల పక్కన పెన్సిల్ గీతలు పెట్టి వచ్చాను, ప్రతి వసంతంలో మాస్టు బిగించాక దారం లాగి కొలిచి పంపమన్నాను. మొదటి ఏడాది మార్పు లేదు. ఈ ఏప్రిల్‌లో ఆయన పంపిన ఫొటోలో 1 మిల్లీమీటరు దిగినట్టు ఉంది. దారం వంపో, దూలం వంపో ఫొటోలో తేలలేదు. వచ్చే ఆదివారం నేనే వెళ్ళి కొలుస్తున్నాను.